‘అట’ ఎక్కడ జారిపోయింది?

ఇంగ్లీషు సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. పై చదువుకు విదేశం వెళ్లాలని ఇంగ్లీషు పరీక్షకు తయారవుతున్నాను. చిన్న చిన్న పేరాలిచ్చి సొంత మాటల్లో తిరగరాయమంటున్నారు, దీన్నే పారాఫ్రేజ్ అంటున్నారు. రామప్ప గుడి మీద ఇచ్చిన పేరాలో ఒక్క పదం మిగల్చకుండా అన్నీ మార్చేశాను. అయినా మా సారు ఎర్ర సిరాతో పైన ‘కాపీ’ అని, కింద ‘తప్పులు’ అని రాశారు. కాపీ అయితే తప్పులు ఎలా వస్తాయి? తప్పులుంటే అది కాపీ ఎలా అవుతుంది? నా కాగితం జత చేస్తున్నాను.
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ సారు రాసిన రెండు మాటలూ నిజమేనమ్మా. కాగితం రెండుసార్లు చదివాను. రెండోసారి కాస్త నవ్వాను కూడా, ఏమీ అనుకోకండి.

మిగతా పాఠకుల కోసం ఆ పేరాలోని సంగతి తెలుగులో చెబుతాను. ములుగు జిల్లా పాలంపేటలో రామప్ప గుడి ఉంది. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు దీన్ని కట్టించాడు. నిర్మాణం 1213లో మొదలై, సుమారు 40 ఏళ్లు సాగిందని భావిస్తారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. 2021లో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అంతే, ఐదు వాక్యాలు.

మీరు ఫోనులో పర్యాయపదాల జాబితా తెరిచి, వాక్యంలో ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ ఒక్కొక్క పదాన్నీ మార్చారు. ‘టెంపుల్’ పోయి ‘ష్రైన్’ వచ్చింది, ‘కింగ్’ పోయి ‘మోనార్క్’ వచ్చింది. ఇంతవరకు నష్టం లేదు. తర్వాత ‘జనరల్’ దగ్గరికి వచ్చారు. ఆ మాటకు సేనాపతి అనే అర్థం ఉంది, సాధారణం అనే అర్థమూ ఉంది. జాబితాలో మొదట కనిపించింది ‘ఆర్డినరీ’. అది పెట్టేశారు. దాంతో గణపతిదేవుని సేనాపతి కాస్తా ఆయన దగ్గర ఉండే ఒక మామూలు మనిషి అయిపోయాడు. ఇటుకలు ‘లైట్’ అని ఉంటే ‘బ్రైట్’ అని రాశారు. తేలికైన ఇటుకలు మీ కాగితం మీద ధగధగ మెరుస్తున్నాయి. మెరిసే ఇటుకలు నీళ్లలో ఎందుకు తేలుతాయన్న అనుమానం మీకు రాలేదు. ఎందుకంటే ఆ సమయంలో మీరు ఇటుకల గురించి ఆలోచించడం లేదు, పదాల గురించి ఆలోచిస్తున్నారు.

కాపీ అని ఎందుకన్నారంటే, ఐదు వాక్యాలు అవే, వాటి వరస అదే, ఒక్కో వాక్యంలో కర్త, క్రియ ఉన్న చోటూ అదే. గోడలు, గుమ్మాలు అన్నీ పాతవే. సున్నం మాత్రం కొత్తది.

ఈ రెండింటికంటే పెద్ద తప్పు ఒకటి ఉంది, దాన్ని మీ సారు కూడా విడిగా చూపలేదు. మూడో వాక్యం మీ చేతిలో ‘గుడిని 1213లో కట్టారు, 40 ఏళ్లు పట్టింది’ అని మారింది. మూలంలో 1213 అనేది పని మొదలైన ఏడు. మీ దగ్గర అది పూర్తయిన ఏడు అయింది. మూలంలో ‘సుమారు 40’, మీ దగ్గర ఖచ్చితంగా 40. మూలంలో ‘భావిస్తారు’ అని ఉంది, మీరు స్వయంగా చూసి వచ్చినట్టు రాశారు. ఒక్క వాక్యంలో మూడు అబద్ధాలు. వ్యాకరణం మాత్రం చక్కగా ఉంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో నేత విభాగంలో పనిచేసేవారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పక్కింటి గుమాస్తా గారి ఇంగ్లీషు పత్రిక ఒకరోజు ఆలస్యంగా మా ఇంటికి వచ్చేది. రాత్రి భోజనం అయ్యాక నేను ఒక వార్త చదివి, పత్రిక మడిచి పక్కన పెట్టి, అందులో ఏముందో ఆయనకు తెలుగులో చెప్పాలి. పత్రిక చూస్తూ చెప్పనిచ్చేవారు కాదు. ‘చూస్తూ చెబితే నువ్వు చెప్పినట్టు కాదు, అది చెప్పినట్టు’ అనేవారు. చెప్పిన ప్రతి వాక్యానికీ ఒకటే ప్రశ్న: ‘అయిందా, అయిందటనా?’

నాకు ఎనిమిదో తరగతిలో విసుగ్గా ఉండేది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాక కూడా ఆ ప్రశ్నను మించిన పాఠం నాకు దొరకలేదు. మన భాషలో ఈ ‘అట’ ఎంత చిన్న ముక్కో, ఎంత పని చేస్తుందో చూడండి. ‘వాన పడింది’ అంటే నేను తడిశాను. ‘వాన పడిందట’ అంటే ఎవరో చెప్పారు. తెలుగు మాట్లాడే మూడేళ్ల పిల్ల కూడా ఈ రెండింటినీ కలపదు. అదే పిల్ల పెద్దదై ఇంగ్లీషు రాయడానికి కూర్చుంటే ‘ఈజ్ బిలీవ్డ్’, ‘ఈజ్ సెడ్’ అన్న మాటలు కంటికి ఆనవు. ఏదో అలంకారం కోసం పెట్టారనుకుని తీసేస్తుంది. అవి అలంకారాలు కావు. అవి ఇంగ్లీషువాళ్ల ‘అట’. ‘అబౌట్’ వాళ్ల ‘సుమారు’. ‘మే’ వాళ్ల ‘కావచ్చు’. ‘వన్ ఆఫ్’ అంటే ‘వాటిలో ఒకటి’. దాన్ని వదిలేస్తే ‘పెద్ద చెరువుల్లో ఒకటి’ కాస్తా ‘అన్నిటికంటే పెద్ద చెరువు’ అయి కూర్చుంటుంది.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాను. పేరాను రెండుసార్లు చదవండి. అందులోని పేర్లు, ఏళ్లు, అంకెలు, ‘అట’లు, ‘సుమారు’లు ఒక చీటీ మీద రాసుకోండి. మీ పేరాకైతే పాలంపేట, ములుగు, కాకతీయ రాజు గణపతిదేవుడు, రేచర్ల రుద్రుడు సేనాపతి, 1213 మొదలు, సుమారు 40 అట, ఇటుకలు తేలిక, యునెస్కో 2021. అంతకు మించి ఒక్క పదం రాయకండి. పుస్తకం మూసేయండి. ఇంట్లో ఎవరుంటే వాళ్లకు తెలుగులో చెప్పండి. అమ్మ పప్పు తాలింపు వేస్తున్నా ఫరవాలేదు, ఆమె మధ్యలో అడిగే ప్రశ్నలే మీకు కావాలి. చెప్పాక కూర్చుని, మూలం తెరవకుండా ఇంగ్లీషులో రాయండి. చివర్లో చీటీతో ఒకసారి, మూలంతో ఒకసారి సరిచూసుకోండి.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు రాయకూడదని మీకు చాలామంది చెప్పి ఉంటారు. నేనూ క్లాసులో చెప్పినదాన్నే. కానీ ఈ ఒక్క అభ్యాసానికి ఆ నియమం పక్కన పెట్టమంటాను. మూలంలోని ఇంగ్లీషు వాక్యం చెవిలో మోగుతున్నంతసేపు మీరు ఎంత తిప్పలు పడ్డా దాని నడకే మీ చేతిలోకి వస్తుంది. ఆ మోత ఆగాలంటే సంగతి ఒకసారి ఇంకో భాషలోంచి వెళ్లి రావాలి. మనకు ఆ ఇంకో భాష ఇంట్లోనే ఉంది.

మీ పేరాను నేను మా మనవరాలికి ఇలా చెప్పాను. ‘నీళ్లలో వేస్తే తేలే ఇటుకలతో శిఖరం కట్టిన గుడి మన రామప్ప. కాకతీయ రాజు గణపతిదేవుని సేనాపతి రేచర్ల రుద్రుడు 1213లో పని మొదలుపెట్టించాడు, అది దాదాపు నలభై ఏళ్లు సాగిందట. ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న ఈ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.’ ఐదు వాక్యాలు మూడయ్యాయి. ఇటుకలు ముందుకు వచ్చాయి, ఎందుకంటే ఏడేళ్ల పిల్లకు ముందు కావలసింది ఇటుకలే. ఊరి పేరు చివరికి వెళ్లింది. పదాల కోసం నేను వెతకలేదు, వినేవాళ్లను బట్టి వరస మారింది, దాంతో మాటలూ మారాయి.

తిరిగి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఒకచోట జాగ్రత్త. ‘నీళ్లలో తేలే ఇటుకలతో శిఖరం కట్టిన గుడి’ అన్నప్పుడు మనం వివరమంతా గుడికి ముందే పేరుస్తాం. ఇంగ్లీషు అలా మోయలేదు. అక్కడ ముందు గుడి రావాలి, తర్వాత ‘హూజ్’ అని శిఖరం, తర్వాత ఇటుకలు, తర్వాత ‘దట్’ అని తేలడం, చివర నీళ్లు. మన వాక్యాన్ని తోక నుంచి తల వైపు చదివితే వాళ్ల వరస దాదాపుగా వచ్చేస్తుంది. ఇది అన్నిచోట్లా పనిచేయదు కానీ ఇలాంటి పొడుగు విశేషణాల దగ్గర బాగా ఆదుకుంటుంది. రెండో వాక్యంలో ‘కన్‌స్ట్రక్షన్’ అనే నామవాచకం బదులు ‘బిల్డ్’ అనే క్రియ వాడుకోండి. అలా మార్చగానే చుట్టూ ఉన్న మాటలు వాటంతట అవే మారతాయి. సేనాపతికి ‘కమాండర్’ అనవచ్చు. పదో తరగతిలో నేర్పిన యాక్టివ్, పాసివ్ తిప్పుడు కూడా ఉపయోగమే కానీ, దాన్ని ప్రతి వాక్యానికీ వాడితే పేరా అంతా వెనక్కి నడుస్తున్నట్టు ఉంటుంది.

ఇటుకను ఇటుకగానే ఉంచండి. యునెస్కోను యునెస్కోగానే ఉంచండి. 1213ను ‘పదమూడో శతాబ్దం ఆరంభం’ అని మార్చి గొప్పగా మార్చాననుకోకండి, ఉన్న వివరం పోతుంది. 40 ఏళ్లను నాలుగు దశాబ్దాలు అనవచ్చు, ముందు ‘సుమారు’ ఉంటేనే. మిల్లు భాషలో చెప్పాలంటే ఇవి పడుగు, అంటే నిలువు పోగులు. మీరు మార్చవలసింది పేక, అంటే అడ్డం పోగులు.

ప్రశ్న: మేడమ్ గారూ, నాది జిరాక్స్, డీటీపీ షాపు. విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టులు తెచ్చి ‘కాపీ పట్టుకోకుండా పారాఫ్రేజ్ చేసి ప్రింట్ ఇవ్వండి అన్నా’ అంటారు. నేను ఒక వెబ్‌సైట్‌లో వేసి, వచ్చినది ప్రింట్ తీసి ఇస్తాను. పేజీకి ఇంత అని తీసుకుంటాను. మా ఇంట్లో ఇది తప్పని గొడవ. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: మీ ఇంట్లోవాళ్ల పక్షమే నేనూ.

తప్పొప్పుల సంగతి అలా ఉంచి, సరుకు సంగతి చూడండి. ఇలాంటి మార్పిడి యంత్రాలు చాలావరకు ఈ హనుమకొండ అమ్మాయి చేసిన పనే చేస్తూ వచ్చాయి, కాకపోతే వేగంగా. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు అచ్చయిన శాస్త్ర పత్రాల్లోనే వీటి అడుగుజాడలు పట్టుకున్నారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అని ఉండవలసిన చోట ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అని ఉంది. అంటే కృత్రిమ మేధ పోయి నకిలీ చైతన్యం వచ్చింది. ‘బిగ్ డేటా’ పోయి ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ వచ్చింది. అన్నిటికంటే దారుణం, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ ఒకచోట ‘బోసమ్ పెరిల్’ అయింది. రొమ్ము క్యాన్సర్‌ను వక్షోగండం అన్నట్టు. ఇలాంటివాటికి వాళ్లు ‘హింసకు గురైన పదబంధాలు’ అని పేరు పెట్టారు. కొత్తగా వచ్చిన యంత్రాలు ఇంత మొరటుగా ఉండవు, నున్నగా రాస్తాయి. నున్నగా రాసినా ‘అట’ ఉందో పోయిందో ఎవరో ఒకరు చూడాలి. మీ షాపులో ఎవరు చూస్తున్నారు? మీరు చూడరు, మీకు తీరికలేదు. ఆ విద్యార్థి అసలే చూడడు, అందుకే కదా మీ దగ్గరికి వచ్చాడు.

ఇంకొక సంగతి వాళ్లకు చెప్పండి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పరిశోధన వ్యాసంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి. 40 శాతం వరకు అయితే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. దీన్ని చూసి పిల్లలు, శాతం తగ్గితే చాలు పాపం పోయినట్టే అనుకుంటున్నారు. కానీ మాటలన్నీ మార్చినా సంగతి ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ల పేరు చెప్పకపోతే అది దొంగసొత్తే. పేరు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, మీకు పేజీ డబ్బు కూడా పెరగదు. మీ షాపులో అక్షరదోషాలు దిద్దండి, మార్జిన్లు సరిచేయండి, బైండింగ్ చేయండి. వాటికి ఎంత తీసుకున్నా ఎవరూ గొడవపెట్టరు.

ప్రశ్న: ప్రెసీ, సమ్మరీ, పారాఫ్రేజ్ అన్నీ ఒకటేనా? గ్రూప్-1కు చదువుతున్నాను. మా తమ్ముడు విదేశం వెళ్లడానికి పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్షకు చదువుతున్నాడు. ఇద్దరం ఒకే పుస్తకం చదివితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ఒకటి కావు. ప్రెసీ అంటే మూలంలో దాదాపు మూడో వంతుకు కుదించాలి. సమ్మరీకి అంత కచ్చితమైన కొలత లేదు, ముఖ్యమైనది మిగిలితే చాలు. పారాఫ్రేజ్‌లో ఏదీ వదలకూడదు, కాబట్టి నిడివి ఇంచుమించు మూలమంతే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. మీ తమ్ముడి పీటీఈలో పేరానంతా ఒకే వాక్యంలో చెప్పే ప్రశ్న ఒకటి ఉంటుంది. 5 నుంచి 75 పదాల లోపు, పది నిమిషాల్లో. అది సమ్మరీ. అలాంటిదే ఇంకో పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లకైతే పారాఫ్రేజ్ రాయడంలోనే కాదు, చదవడంలోనూ కావాలి. చదివే విభాగంలో గంటలో 40 ప్రశ్నలు. పేరాలో ఒక మాట ఉంటుంది, ప్రశ్నలో అదే సంగతి ఇంకో మాటతో ఉంటుంది.

గ్రూప్-1 మెయిన్స్ ఇంగ్లీషు అర్హత పేపరు మాత్రమే, దాని మార్కులు ర్యాంకుకు కలవవు. కాబట్టి మీరు మరీ బెంగపడకండి. పుస్తకం ఒకటే అయినా ఫరవాలేదు, సాయంత్రాలు ఒకరికొకరు చెప్పుకోండి. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుంటే ‘అట’ను వదిలిపెట్టనివ్వరు.

ప్రశ్న: మేడమ్, నేను తాడ్వాయి మండలంలో ఉపాధ్యాయురాలిని. మా ఊరికి ఇంగ్లీషు పత్రిక రాదు, ఫోనుకు సిగ్నల్ కూడా అంతంతమాత్రం. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ అభ్యాసం చేయించాలనుకుంటున్నాను. పేరాలు ఎక్కడ దొరుకుతాయి? మేడారం జాతర మీద నేనే ఒక పేరా రాసి ఇచ్చాను. ఒక పిల్లవాడు రాసినది పంపుతున్నాను, ఎలా ఉందో చెప్పండి.
– ఒక పాఠకురాలు, ములుగు జిల్లా

జవాబు: పిల్లవాడి చేతిరాత ముత్యాల్లా ఉంది. అతను పదాలు మార్చలేదు, సంగతి మార్చి చెప్పాడు. జాతర రెండేళ్లకోసారి వస్తుందని మీరు రాస్తే, ‘ఈ ఏడు వస్తే వచ్చే ఏడు రాదు’ అని రాశాడు. ఇంత మంచి పారాఫ్రేజ్ నేను డిగ్రీ కాగితాల్లో చూడలేదు. అతనికి ఒక పెన్ను కొనివ్వండి, డబ్బు నేను పంపుతాను.

ఒక్కచోట తడబడ్డాడు, అందులో తప్పు సగం మీది. ‘భక్తులు బెల్లం సమర్పిస్తారు, దాన్ని బంగారం అంటారు’ అని మీ పేరాలో ఉంది. అతను ‘భక్తులు గోల్డ్ సమర్పిస్తారు’ అని రాశాడు. మేడారం పక్కన పుట్టిన పిల్లవాడికి బంగారం అంటే బెల్లమే, వేరే చెప్పక్కరలేదు. ఆ మాట చదివిన ఢిల్లీవాళ్లు మాత్రం నిలువెత్తు పసిడి తూకం వేస్తున్నారనుకుంటారు. అతనికి తప్పని చెప్పకండి. ‘మన ఊరు ఎప్పుడూ చూడనివాళ్లు చదువుతారు, వాళ్లకు ఏమని అర్థమవుతుంది?’ అని అడగండి. అతనే దిద్దుకుంటాడు. అలాగే మీరు జాతరను ‘అతిపెద్ద గిరిజన జాతరల్లో ఒకటి’ అన్నారు. క్లాసులో ఎంతమంది ఆ ‘ఒకటి’ని మింగేశారో లెక్కపెట్టి నాకు రాయండి.

పేరాలకు పత్రికలే అక్కరలేదు. రామప్ప దగ్గర, వరంగల్ కోటలో పురావస్తు శాఖ పెట్టిన బోర్డుల మీద ఇంగ్లీషు ఉంటుంది. ఆ బోర్డు ఒక్కటి ఫోటో తీసుకుంటే వారానికి సరిపడా పని. మందుల డబ్బాలోని మడత కాగితం, ఎరువుల బస్తా వెనకవైపు, విత్తనాల పొట్లం, ఇవన్నీ వాస్తవాలు తప్ప ఇంకేమీ చెప్పని రాతలు. పొట్లం మీద ఉన్నదాన్ని పిల్లలు వాళ్ల నాన్నకు చెప్పి, ఆయన ఏం అడిగాడో తెల్లారి రాసుకురావాలి. రైతు అడిగే ప్రశ్నల ముందు ఏ పరీక్షా నిలవదు.

వచ్చే సంచికకు మీ పిల్లలకూ, మిగతా పాఠకులకూ ఒక పేరా ఇస్తున్నాను. ముందు దీన్ని మీరే చిన్న వాక్యాల్లో ఇంగ్లీషులో పెట్టి ఇవ్వండి: ‘కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టారు. వరంగల్ దగ్గరి మడికొండలో పెరిగారు. ఆయన్ను ప్రజాకవి అంటారు. 1992లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2002 నవంబరు 13న మరణించారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది.’ ఒక్క సూచన: ప్రజాకవిని ‘పాపులర్ పోయెట్’ చేయకండి. ప్రజలకు తెలిసిన కవి వేరు, ప్రజల పక్షాన నిలిచిన కవి వేరు.

పుస్తకం మూసి రాసినవే పంపండి. కాగితం చివర, రాసే ముందు ఆ పేరాను ఎవరికి చెప్పారో, వాళ్లు మధ్యలో ఏమని అడ్డుపడ్డారో కూడా రెండు ముక్కలు రాయండి. నేను ముందు చదివేది అదే.